బండి మలుపులో ఉన్న లెక్క

తెనాలి కాలువ కట్టల మీద ధాన్యం బస్తాలతో కదిలే ఎడ్లబండిని తలుచుకుంటే చాలామందికి అది మోసే బరువే గుర్తొస్తుంది. నాకు మాత్రం అది మలుపు తిరిగే తీరే గొప్పగా అనిపిస్తుంది. బండికి స్టీరింగు లేదు, ఇరుసు కదలదు. అయినా ఇరుకు సందులో ఒద్దికగా తిరుగుతుంది.

ఎడమకు తిప్పాలంటే తోలేవాడు పగ్గం బిగించి దాపటి ఎద్దును ఆపుతాడు, వలపటి ఎద్దును అదిలిస్తాడు. కాడి ఐమూలగా మళ్లుతుంది, నొగలు దాని వెంట పోతాయి. ఎడమ చక్రం ఉన్నచోటే మెలి తిరుగుతుంటే కుడి చక్రం దాని చుట్టూ వస్తుంది. వడ్రంగి పనితనమంతా ఇక్కడే ఉంది. అతను చక్రాలను ఇరుసుకు బిగించలేదు. వాటి కుండలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి, ఊడిపోకుండా చివర శీల ఉంటుంది. రెండు చక్రాల మధ్య ఎడం 5 అడుగులైతే, వీధి మూల తిరిగేసరికి బయటి చక్రం లోపలిదానికన్నా దాదాపు 8 అడుగులు ఎక్కువ నడవాలి. మలుపు చిన్నదైనా పెద్దదైనా ఆ తేడా అంతే. రెండూ ఇరుసుతో కలిసి తిరిగేవైతే ఏదో ఒకటి నేలను ఈడ్చుకుంటూ పోయేది. మోటారు వాహనాల్లో ఇంజను తిప్పే చక్రాలకు ఇందుకోసమే డిఫరెన్షియల్ పెడతారు. బండికి కాస్త సందు, కాస్త కందెన చాలు.

నాలుగు చక్రాల రథానికి ఈ వెసులుబాటు లేదు. ముందు ఇరుసూ వెనక ఇరుసూ సమాంతరంగా బిగించి ఉంటే మలుపులో చక్రాలు పక్కకు ఒరుసుకోక తప్పదు. అందుకే మోకులు లాగేవాళ్లతో పాటు చక్రాల కింద చెక్కలు వేసి దారి మళ్లించేవాళ్లూ కావాలి. గుర్రపు బగ్గీలకు ఇలాంటి చిక్కు తీర్చే పద్ధతికి రుడాల్ఫ్ ఆకర్‌మాన్ 1818లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన మ్యూనిక్‌కు చెందిన లాంకెన్‌స్పెర్గర్‌ది. మలుపులో లోపలివైపు ముందు చక్రం బయటిదానికన్నా ఎక్కువ తిరగాలన్నది అందులోని కీలకం.

నేలను బట్టి తోలే తీరూ మారాలి. రేపల్లె వైపు తడిసిన నల్లమట్టిలో, బాపట్ల ఇసుకలో ఉన్నచోటే మెలిపెడితే చక్రం దిగబడుతుంది. అక్కడ బండిని నడిపిస్తూనే వెడల్పుగా తిప్పాలి.

సూర్యలంక తీరాన తెరచాప బండి కట్టాలని ఎవరికైనా ఉంటే, ముందు ఎడ్లబండి కిందికి వంగి చూడమంటాను. 1600 ప్రాంతంలో హాలండు తీరాన సైమన్ స్టెవిన్ అలాంటి బండి చేశాడు. మనం చేసేదానికి వెనక ఒక ఇరుసు, ముందు ఒకే చక్రం చాలు. ముందు చక్రం ఒక్కటే కాబట్టి ఆకర్‌మాన్ లెక్కతో పని లేదు. ముందుకూ వెనక్కూ 10 అడుగుల దూరం ఉండి, ముందు చక్రాన్ని 30 డిగ్రీలు తిప్పితే బండి సుమారు 17 అడుగుల వ్యాసార్ధంతో తిరుగుతుంది. ఆ చక్రం నేలను తాకే చోటు, అది తిరిగే కడ్డీ గీతకు కొంచెం వెనకగా పడాలి. అప్పుడు నొగల వెంట ఇరుసు వచ్చినట్టే చక్రం తనంతట తాను దారికొస్తుంది. గాలి పక్కనుంచి తోస్తే ఒక చక్రం పైకి లేస్తుంది గనుక వెనక ఎడం 8 అడుగులైనా పెట్టాలి. అప్పుడు మూల మలుపులో రెండు చక్రాల నడకలో తేడా పన్నెండున్నర అడుగులు దాటుతుంది. కుండలు దేనికది తిరగాల్సిన అవసరం అక్కడ ఇంకా ఎక్కువ.