అభినయమా, అనుకరణమా?

ఆటిజముగల వయోజనులకు నాటకాభ్యాసముచే లోకవ్యవహారము నేర్పవచ్చునని నేఁడు పలువు రనుచున్నారు. ఈ మతము పరీక్షణీయము.

2023లో బ్రాడ్వేయందుఁ బ్రదర్శితమైన 'హౌ టు డాన్స్ ఇన్ ఓహాయో' యను గేయనాటకము దీనికి లక్ష్యము. 2015 నాఁటి యథార్థచిత్రము దానికి మూలము. ఆటిజముగల యువజనులు నృత్యసభకుఁ బోవుటకై మర్యాదల నభ్యసించుట యందలి కథ. ఆ యేడు పాత్రలను ఆటిజముగల నటు లేడుగురే ధరించిరి.

అభ్యాసరంగమునఁ దప్పినను మరల మొదలిడవచ్చును. వీథిలో నా యవకాశము లేదు. ఈ పద్ధతికిఁ గల బలమిదియే. కాని నేర్పవలసిన దేది? రసము అనుకరణరూపమని శ్రీశంకుకుఁ డనఁగా భట్టతౌతుఁడు ఖండించెను. ఆ ఖండన మిచ్చటను బ్రవర్తించును. పరుల చూపును, చిఱునవ్వును అనుకరింప మాత్రమే నేర్చినవాఁడు సభ ముగిసినను వేషము విప్పలేఁడు.

అభినయమన్ననో, 'అభి'పూర్వకమగు 'నీఞ్' ధాతువువలనఁ గలిగినది. అర్థము నెదుటివారి కభిముఖముగాఁ గొనిపోవుట. కొనిపోవువాఁ డున్నచోఁ గైకొనువాఁడును వలయును. వాఁడే సామాజికుఁడు. అవగాహనలోప ముభయపక్షగతమని 2012లో డామియన్ మిల్టన్ ప్రతిపాదించినది మన లాక్షణికులకు వింత గాదు. ఆ యేడుగురు నటులు తమ రీతినే ప్రేక్షకుల యెదుటికిఁ గొనివచ్చిరి. కావున నది యభినయము, శ్లాఘ్యము. సామాజికునకుఁ బాఠము చెప్పని శిక్షణము మాత్ర మర్ధశిక్షణమే.

మొగము చూడక పాఠమప్పగించిన శిష్యు నొకని నవిధేయుఁడని నేను దండించితిని. శబ్దరూపములలో వాని కొక్క తప్పును లేకుండెను. నాఁడు సామాజికధర్మము తప్పినవాఁడను నేనే.