మిరాశి, పింఛను, కనీస ఆదాయం: ఆశ్రిత కళాకారుల జీవనాధారం - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

కళను వృత్తిగా స్వీకరించినవారికి ప్రభుత్వమే స్థిరమైన కనీస ఆదాయం సమకూర్చాలన్న ఆలోచన నేడు పలు దేశాల్లో చర్చకు వస్తున్నది. తెలుగునేలకు ఇది పూర్తిగా కొత్త కాదు. కులపురాణాలను గానం చేసే ఆశ్రిత కళాకారులకు మిరాశి వ్యవస్థ తరాలపాటు ఇటువంటి హామీనే ఇచ్చింది. మిరాశిని, నేటి పింఛన్లను, ఐర్లండ్‌లో అమలైన కనీస ఆదాయ పథకాన్ని పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మిరాశి - హక్కుగా ఆదాయం:

పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు చిందువారు, డక్కలివారు ఆశ్రితులు. ఏ మేళానికి ఏ గ్రామాలపై హక్కు ఉన్నదో ముందే నిర్ణయమై ఉండేది. ఆ గ్రామాల్లోని పోషకకులం ఇళ్లవారు కథాగానానికి ప్రతిఫలంగా ధాన్యం, డబ్బు, బట్టలు ఇచ్చేవారు. ఆశ్రితులు దీనిని యాచనగా కాక, వారసత్వంగా సంక్రమించిన హక్కుగా భావించారు. దీని ఫలితం ఇతర కళలకూ అందింది. ఈ కథకులు చేయించుకునే పటాలు చేర్యాల నకాషీ చిత్రకారులకు జీవనాధారమయ్యాయి.

అయితే మిరాశిని ఆదర్శంగా చూపడం సమంజసం కాదు. హక్కుతోపాటు హీనస్థానం కూడా పుట్టుకతోనే సంక్రమించింది. పోషకులైన మాదిగల ఇళ్లలోకి సైతం డక్కలివారికి ప్రవేశం లేకపోవడం ఇందుకు నిదర్శనం. పైగా పోషకుల వృత్తి దెబ్బతింటే ఆశ్రితుల ఆదాయమూ పడిపోయేది. చేనేత క్షీణించి పద్మశాలీలు సూరత్, భీవండీలకు వలసపోవడంతో కూనపులివారికి పోషకుల ఇళ్లే తగ్గిపోయాయి.

3. పింఛను - పరిమితి:

మిరాశి క్షీణించాక మిగిలిన ప్రధాన ఆసరా పింఛను. కేంద్ర ప్రభుత్వం 60 ఏళ్లు దాటిన పేద కళాకారులకు నెలకు గరిష్ఠంగా రూ. 6,000 సహాయం అందించే పథకాన్ని అమలు చేస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద అర్హులైన డప్పు కళాకారులకు నెలకు రూ. 4,000 అందుతున్నది. వీటి అవసరాన్ని కాదనలేము. కాని వయసుతో ముడిపడిన పింఛను అందేది కళాకారుని గొంతు, కాలు సడలిన తరువాతనే. చిందు యక్షగానంలో పాట, ఆట, వాచికం బాల్యం నుంచి మేళంలో తిరుగుతూ అలవడేవి. ఇరవై, ముప్పై ఏళ్ల యువకుడు కూలిపనికి వెళ్లక తప్పనప్పుడు ఆ అభ్యాసం తెగిపోతుంది. పెద్దలకు పింఛను వచ్చేనాటికి నేర్చుకొనేవారు మిగలరు.

4. ఐర్లండ్ పథకం:

ఈ లోపాన్ని ఐర్లండ్ వేరే మార్గంలో ఎదుర్కొన్నది. 2022లో ప్రారంభమైన ప్రయోగాత్మక పథకం కింద 2,000 మంది కళాకారులకు, కళారంగ కార్మికులకు వారానికి 325 యూరోల చొప్పున చెల్లించింది. అర్హులైన దరఖాస్తుదారులలో నుంచి లబ్ధిదారులను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసింది. పేదరికాన్ని నిరూపించుకోవాలన్న నిబంధన లేదు. లబ్ధిదారులు కళకు వెచ్చించే సమయం పెరిగిందని, వారిలో ఆందోళన తగ్గిందని ప్రభుత్వ అధ్యయనాలు తెలిపాయి. పనిచేసే వయసులోనే ఆదాయం అందడం దీనిలోని ప్రధానాంశం.

అయినా ఈ నమూనాను యథాతథంగా తెలుగునేలకు తెచ్చుకోవడంలో ఒక చిక్కు ఉన్నది. అక్కడ లబ్ధిదారు వ్యక్తి. ఇక్కడి ప్రదర్శనకు ఆధారం మేళం. హార్మోనియం వాయించేవారికి లాటరీ తగిలి, వేషధారికి, మద్దెలగానికి తగలకపోతే మేళం నిలవదు. మిరాశి హక్కు మేళానికి చెందడంలోని ఔచిత్యం ఇక్కడే స్పష్టమవుతుంది.

5. ముగింపు:

ఆదాయాన్ని హక్కుగా, మేళాన్ని ప్రమాణంగా మిరాశి నుంచి గ్రహించాలి. పుట్టుక, పోషకుని దయ అనే షరతులను విడిచిపెట్టాలి. పనిచేసే వయసులోనే చేయూతనివ్వడాన్ని ఐర్లండ్ నుంచి స్వీకరించాలి. అప్పటికీ ఒక ప్రశ్న మిగులుతుంది. మిరాశిలో ధాన్యం కొలిచిన ఇల్లే కథ కూడా విన్నది. ప్రభుత్వం ఆదాయాన్ని ఇవ్వగలదు, శ్రోతను ఇవ్వలేదు. ఆశ్రిత కళల పునరుద్ధరణపై జరిగే పరిశోధన ఆదాయంతోపాటు శ్రోతృసమాజాన్ని కూడా పరిగణించవలసి ఉన్నది.