ద్వీపాంధ్రుల శ్రవణాభిరుచి

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని సామెత. సంగీతాన్ని గురించి సాగే వాదం ఏదైనా చివరకు ఈ సామెత దగ్గరకు వచ్చి ఆగిపోవడం తెలుగువారిలో పరిపాటి. సామెత అబద్ధమని కాదు. వాదాన్ని ముగించడానికి అది ఉపకరించినంతగా, అభిరుచి ఎట్లా ఏర్పడుతుందో తెలుపడానికి ఉపకరించదు. జిహ్వ రుచి సైతం పుట్టుకతో వచ్చినది కాదు గదా! తల్లి వండిపెట్టినది కొంత, పొరుగింట తిన్నది కొంత, ఆకలివేళ దొరికినది కొంత కలిసి దానిని తయారుచేస్తాయి. చెవి సంగతీ అంతే. స్వీయాభిరుచి అనుకొనేది నిజంగా ఎంతవరకు స్వీయమో విచారించదలచినవారికి మహానగరాలకంటె, సంగీతం ఆలస్యంగా, కొద్దికొద్దిగా చేరిన ప్రదేశమే అనువైనది. దక్షిణ అండమానులోని సిప్పీఘాట్ అటువంటి పల్లె.

2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరుకు ఇది చేరువలోనే వున్నది. 2004 డిసెంబరు భూకంపంలో ఆ ప్రాంతపు నేల సుమారు ఒక మీటరు కుంగింది. సముద్రజలం సిప్పీఘాట్ వరిపొలాలలో ప్రవేశించి అక్కడనే నిలిచిపోయింది. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో అధికసంఖ్యాకులు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుండి వచ్చినవారు, వారి సంతతివారు. ఇరుగుపొరుగులు బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీవారని పిలువబడే ఛోటానాగపురపు ఆదివాసులు. అందరికీ ఉమ్మడి భాష హిందీ. ఇట్టిచోట పెరిగిన తెలుగు బిడ్డకు పరభాషా సంగీతాన్ని వెదకి పట్టుకోవలసిన అవసరం లేదు. గోడ అవతలనుంచి అదే వినవస్తుంది. ఇంట్లో ముసలివారి నోట జముకుల కథ, వీధిలో బెంగాలీ కీర్తన, పండుగనాడు మాందర్ మోత, అన్నింటిపైనా హిందీ చిత్రగీతం. ఇందులో ఏదీ అతడు ఎంచుకొన్నది కాదు. అయినా అభిరుచికి మూలధనం ఇదే.

ఇక ప్రభుత్వం ప్రజల చెవిని సంస్కరించబూనిన కథ ఒకటి వున్నది. 1952లో సమాచార ప్రసార శాఖామాత్యులైన బి. వి. కేస్కర్, శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేయదలచి, ఆకాశవాణిలో చలనచిత్ర గీతాలకు చోటు కుదించారు. శ్రోతలు వాదించలేదు, మీట తిప్పి సిలోను పట్టుకొన్నారు. ఆ ఏటి చివరనే అక్కడ అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలైనది. 1957లో వివిధభారతిని నెలకొల్పి ఆకాశవాణి దిగిరాక తప్పలేదు. ఈ కథను కేస్కర్ ఓటమిగా చెప్పి నవ్వుకోవడం సులభం. కాని అదే ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు లలితగీతాన్ని, భక్తిరంజనిని తెలుగు ఇళ్ళకు అలవాటు చేశారు. అక్కడ నిషేధం లేదు, నివేదన వున్నది. వినిపించినదానినే మళ్ళీ వినిపించి, శ్రోత తనంత తాను దానికోసం ఎదురుచూసేటట్లు చేయడం ఆ కార్యక్రమాల కిటుకు. రుచి కలగడానికి కాలం పడుతుందని ఆ తరం ప్రయోక్తలకు తెలుసు.

అండమానులకు సొంత ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. తరువాత క్యాసెట్ల కాలం. ఓడ వస్తేగాని కొత్త పాట లేదు. 2020 ఆగస్టులో చెన్నైనుంచి సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు సముద్రగర్భాన చేరేవరకు, ఉపగ్రహం ద్వారా నత్తనడకన వచ్చే ఇంటర్నెట్టే గతి. ఇప్పుడు ఆ కొరత తీరినది. లోకంలోని బ్యాండ్లన్నీ సెల్‌ఫోనులో వున్నాయి. అయితే వాటిని ఎంచి వడ్డించేది యంత్రం. నిన్న మెచ్చినదానికి పోలిక గలదానినే నేడు అది ముందుకు తెస్తుంది. అదే కూరకు తిరగమోత మార్చి పెట్టినట్లు. కేస్కర్ నచ్చినదానిని తీసివేశారు. ఈ యంత్రం నచ్చనిదానిని దరిచేరనీయదు. రెండింటా శ్రోతకు తీర్పు చెప్పే పని తప్పిపోతున్నది. పొరుగింటి కీర్తన చేసిన మేలు ఇదే: అది అడగకుండా వచ్చింది, నచ్చకపోయినా వినవలసి వచ్చింది.

బ్యాండు అన్నమాటకు తెలుగునాట మొదటి అర్థం పెళ్ళి ఊరేగింపులోని బ్యాండుమేళం. వారు వాయించేది ఇతరుల పాట. నేటి యువకులు వెదకే బ్యాండ్లలో ఎక్కువభాగం తమ పాట తామే కట్టుకొనేవి, లేదా పాతదానిని తమ పద్ధతిలో విప్పి చెప్పేవి. 2003లో బెంగుళూరులో ఏర్పడిన ‘అగం’ రెండవ పనికి ప్రసిద్ధి. త్యాగరాజాది వాగ్గేయకారుల కృతులను మలయాళీ అయిన హరీశ్ శివరామకృష్ణన్ గిటారుల నడుమ పాడతారు. సంప్రదాయజ్ఞులు దీనిని రణగొణధ్వని అంటారు, యువకులు అద్భుతమంటారు. ఎందుకో ఇరువురూ చెప్పరు. చెప్పదగిన సంగతి వున్నది. తోడి గాంధారం ఒకచోట నిలిచేది కాదు, ఊగుతూ వుండవలె. గిటారుపై మూడు నాలుగు స్వరాలు ఒక్కసారిగా మోగి స్థిరపడినప్పుడు గాత్రంలోని ఆ ఊపుకు ఆనుకొనే గోడ దొరుకుతుంది, విహరించే చోటు తగ్గుతుంది. గమకభారం తక్కువగల రాగాలలో ఈ చిక్కు అంతగా కనబడదు. మరొకవైపు, సమం దాటి ఎత్తుకొనే అనాగత గ్రహపు కృతికి డ్రమ్ముల తూకం క్రింద నడిస్తే, తాళం లెక్క తెలియని శ్రోతకూ ఆ ఎడుపులోని సొగసు అనుభవమవుతుంది. ఇది లాభం, అది నష్టం. రెండూ విన్నవాడే ఆ బ్యాండును మెచ్చడానికిగాని త్రోసిపుచ్చడానికిగాని అర్హుడు.

ఢిల్లీకి చెందిన ‘ఇండియన్ ఓషన్’ వారి ‘కందిస’ కథ వేరు. 2000లో వెలువడిన ఆ గీతం కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన. అరమాయిక్ భాష విన్నవారిలో నూటికి తొంభై తొమ్మిది మందికి తెలియదు, అయినా మెచ్చారు. అర్థం లేకపోయినా నాదం నిలబడగలదనడానికి ఇది నిదర్శనమే. కాని దానితో తృప్తిపడిన శ్రోత తన భాషలోని పాటకు కూడా అర్థం అడగడం మానివేసే ప్రమాదం లేకపోలేదు.

ఆ ప్రమాదం తెలుగు బ్యాండు దగ్గర తేలుతుంది. హైదరాబాదు ‘చౌరస్తా’ బృందం ‘ఊరెళ్ళిపోతా మామా’ నగరంలో విసిగినవాడు పల్లెకు బస్సెక్కి పోవాలనుకొనే పాట. పలుకుబడి జీవద్భాషది, బాణీ వెంటనే నోటికి వస్తుంది. అది వలసవచ్చిన ప్రతివాని గుండెకూ ఒకేవిధంగా తగులుతుందని విమర్శకులు తేలికగా అనగలరు. సిప్పీఘాట్‌లో పుట్టిన తెలుగువానికి ఆ ఊరు ఏది? తాత విడిచివచ్చిన సిక్కోలు తీరానికి బస్సు లేదు. విశాఖకు ఓడలో రెండు మూడు రోజులు. అతడు పుట్టిన ఊరిలో తండ్రి దున్నిన పొలం నీటిక్రింద వుండవచ్చు. ఆ పాట అతనికి నచ్చితే తనది కాని బెంగను అరువు తెచ్చుకొన్నాడా, లేక తనకు మాటలు లేని బెంగకు మాట దొరికినదా అని అడగవలసి వున్నది. నచ్చకపోతే ఆ కారణం మరింత విలువైనది.

ఇట్టి ప్రశ్నలను తెలుగు విమర్శ ఇంకా అడగడం లేదు. రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’కు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది, పాట సాహిత్యంలో భాగమని నాడు అంగీకరించినట్లే. పద్యానికి, వచనకవితకు ప్రతినెలా సమీక్షలు వెలువడుతున్నవి. ఒక బ్యాండు పాటను రెండుమార్లు విని, పదాన్ని, స్వరాన్ని, తాళాన్ని విడదీసి, ఇది ఇందువల్ల బాగున్నది, ఇక్కడ తేలిపోయినదని వ్రాసే సమీక్ష అరుదు. ద్వీపంలోని ఆ యువకుడు చెవికి సాధనం తగిలించుకొని ఏకాంతంలో వింటున్నాడు. అతనితో విభేదించడానికి గోడ అవతలి పొరుగువాడు సైతం ఇప్పుడు వేరొక పాట వింటున్నాడు.