ఎస్‌ఎంపీఎస్ ఎంతుంది తమ్మీ?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చినాయ్ ట్రేడ్ సెంటర్‌ని పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరి నోటా అది సీటీసీ. కాలేజీ సెలవుల్లో అక్కడి కౌంటర్ల ముందు నిలబడే కుర్రాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, పదిహేను ఇరవై వేలల్ల మంచి గ్రాఫిక్ కార్డు ఏమొస్తది?" కొత్తగా కౌంటర్లో కూర్చున్నవాడైతే వెంటనే రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెడతాడు. పాతకాపు డబ్బాల జోలికే పోడు. "ఎస్‌ఎంపీఎస్ ఎంతుంది తమ్మీ?" అని ఎదురడుగుతాడు.

అక్కడే చాలామంది ఆగిపోతారు. ప్రాసెసర్ పేరు గడగడా చెబుతారు, ర్యామ్ ఎంతో చెబుతారు, ఆడబోయే ఆట పేరైతే అడగక్కర్లేకుండానే చెబుతారు. క్యాబినెట్ మూలన దుమ్ముకొట్టుకుపోయి, ఇన్నేళ్లూ కిక్కురుమనకుండా కరెంటు ఇస్తున్న ఆ ఇనుపడబ్బా మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే పొడవాటి స్లాటు తనంతట తాను ఇవ్వగలిగేది 75 వాట్లు. అంతకు మించి తాగే కార్డుకి ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. ఆరు పిన్నుల వైరైతే మరో 75 వాట్లు, ఎనిమిది పిన్నులదైతే 150. ఆ వైరే లేని పాత డబ్బా ఉన్నవాడు హార్డ్ డిస్కుకిచ్చే సాటా వైరుకి కన్వర్టర్ తగిలించి పని కానిద్దామనుకుంటాడు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే. మూడు హార్స్‌పవర్ లైను మీద ఐదు హార్స్‌పవర్ మోటారు వేస్తే బోరుబావి దగ్గర ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది, కాకపోతే కాలిన వాసన పడగ్గదిలో వస్తుంది.

డబ్బా మీద 450 అని పెద్దక్షరాల్లో ఉన్నంత మాత్రాన 450 వాట్లు వస్తాయని నమ్మడానికి లేదు. పక్కకి తిప్పి స్టిక్కర్ చదవాలి. అందులో ప్లస్ 12 వోల్టుల గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసి 12తో హెచ్చవేస్తే గ్రాఫిక్ కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి నిజంగా దక్కేది తెలుస్తుంది. 15 ఆంపియర్లని ఉంటే 180 వాట్లన్నమాట. మిగతా అంకె అంతా అలంకారం. రెండు వేళ్లతో దుమ్ము తుడిచి ఆ గడి చదవడం నేర్చుకున్నవాడు కార్డుల గురించి గంటల కొద్దీ వీడియోలు చూసినవాడికన్నా తెలివిగా కొంటాడు.

ఖమ్మం నుంచి వచ్చిన ఓ బీటెక్ కుర్రాడి సంగతి తీసుకుందాం. అతని దగ్గరున్నది ఏదో ఆఫీసులో వాడి తీసేస్తే రీఫర్బిష్డ్‌గా కొన్న డెల్ ఆప్టిప్లెక్స్ 7040 టవర్. ఆరో తరం ఐ5-6500 ప్రాసెసర్, ఒకే ఒక 8 జీబీ ర్యామ్ ముక్క. ఇలాంటి సిస్టమ్‌లు మన ఊళ్లలో చదువుకునే పిల్లల ఇళ్లలో కొల్లలు. ఎస్‌ఎంపీఎస్ 240 వాట్లది, అందులోంచి గ్రాఫిక్ కార్డుకి వైరు రాదు. పోనీ దాన్నే మార్చేద్దామంటే మదర్‌బోర్డుకి వెళ్లే ప్లగ్గు కంపెనీ సొంత తరహాది, బజార్లో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ నేరుగా కూర్చోదు. అంటే ఈ కుర్రాడి బడ్జెట్ ఎంతైనా సరే, అతని హద్దు రూపాయల్లో లేదు, 75 వాట్లలో ఉంది.

ఇక్కడో తమాషా ఉంది. ఎన్విడియా 2022లో ఆర్‌టీఎక్స్ 3050ని 8 జీబీ మెమరీతో, 130 వాట్లతో తెచ్చింది. 2024లో అదే పేరుతో 6 జీబీ కార్డొకటి దింపింది. తగ్గింది మెమరీ ఒక్కటే కాదు. కోర్లు 2560 నుంచి 2304కి పడిపోయాయి, మెమరీ బస్సు 128 బిట్ల నుంచి 96కి వచ్చింది. పేరు మాత్రం అదే ఉంచారు. పత్రికలు, యూట్యూబర్లు దుమ్మెత్తిపోశారు, పోయాల్సిందే కూడా. కానీ ఆ కోతలో కరెంటు కూడా 70 వాట్లకు దిగింది. వైరు అక్కర్లేదు, స్లాటు ఇచ్చేది చాలు. పొట్టి క్యాబినెట్లలో పట్టే లో ప్రొఫైల్ మోడళ్లు కూడా వచ్చాయి. అందరూ తిట్టిన కార్డే ఖమ్మం కుర్రాడికి సరిగ్గా సరిపోయింది. మామూలు అసెంబుల్డ్ సిస్టమ్‌లో మంచి 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాడు దాన్ని కొంటే మాత్రం దండగ. వాడికి ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6600 ఉంది: 8 జీబీ, 132 వాట్లు, ఒక్క ఎనిమిది పిన్నుల వైరు. 2021లో 329 డాలర్లకి విడుదలైన ఆ కార్డు ధర తర్వాత బాగా దిగి, 1080పీ మానిటర్ ఉన్నవాళ్లకి ఏళ్ల తరబడి నమ్మకమైన బేరంగా నిలిచింది.

అన్నట్టు, మానిటర్ వెనక నీలం రంగు వీజీఏ ప్లగ్గు మాత్రమే ఉంటే దాని సంగతీ ముందే చూసుకోవాలి. ఇప్పటి కార్డులకి వీజీఏ ఉండదు, ఎక్కువగా ఉండేవి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్. కొన్ని వందల రూపాయలు పెడితే చిప్పున్న కన్వర్టర్ దొరుకుతుంది. ఉత్త కేబుల్ కొంటే తెర నల్లగానే ఉంటుంది, పాపం కొత్త కార్డు మీదికి పోతుంది.

చవక కార్డుల బజారులో పేర్ల గారడీ 3050తో మొదలైంది కాదు. 2017లో వచ్చిన జీటీ 1030 జీడీడీఆర్5 మెమరీతో సెకనుకి 48 జీబీ డేటా లాగేది. మరుసటి ఏడు అదే పేరుతో డీడీఆర్4 రకం వచ్చింది, వేగం మూడోవంతుకి పడిపోయింది. డబ్బా మీద తేడా ఓ మూలన చిన్నక్షరాల్లో ఉంటుంది. కొన్ని ఆటల్లో ఫ్రేములు సగానికి సగం తగ్గాయి. ఏఎమ్‌డీ కూడా తక్కువ తినలేదు. 2018లో చైనా మార్కెట్ కోసం ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ అని ఒకటి తీసింది. అసలు 580లో 2304 కోర్లుంటాయి, 2048 ఉండేది 570లో. అంటే 570కి 580 చొక్కా తొడిగారు. ఆన్‌లైన్లో "కొత్త 580, 8 జీబీ" అని ఊరూపేరూ లేని బ్రాండుల్లో నమ్మశక్యం కాని ధరకి కనబడేవాటిలో చాలా వరకు ఇవే.

ఏఎమ్‌డీదే ఇంకొకటి చెప్పకుండా ఉండలేం. ఇవాళ్టి ఆటలకి 4 జీబీ మెమరీ చాలదంటూ ఆ కంపెనీయే 2020లో ఓ వ్యాసం రాసుకుంది. 2022 జనవరిలో 4 జీబీతో ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీని అమ్మకానికి పెట్టింది. సరిగ్గా ఆ సమయానికి పాత వ్యాసం మాయమైంది, సంగతి పత్రికలకెక్కాక మళ్లీ ప్రత్యక్షమైంది! ఆ కార్డుకి అసలు జబ్బు వేరే ఉంది. మదర్‌బోర్డుతో మాట్లాడుకోవడానికి మామూలు కార్డులకి పదహారు లేన్లు ఉంటాయి, 6600కి ఎనిమిది, దీనికి నాలుగే. నాలుగో తరం స్లాటులో పెడితే ఎలాగో గడుస్తుంది. పాత మూడో తరం బోర్డులో ఆ దారి సగానికి ఇరుకైపోతుంది. మెమరీ నిండిన ప్రతిసారీ ఆట కుదుపులు కుదుపులుగా ఆగుతుంది. చవక కార్డు కొనేవాడి దగ్గర పాత బోర్డే ఉంటుందని అంత పెద్ద కంపెనీకి తట్టలేదా? తట్టే ఉంటుంది. ఆ చిప్పు అసలు ల్యాప్‌టాప్‌ల కోసం గీసింది. దాని చిన్నతమ్ముడు ఆర్‌ఎక్స్ 6400కీ ఇదే కథ. 53 వాట్లకే నడుస్తుంది కాబట్టి ఆఫీసు సిస్టమ్‌ల వాళ్లకి ముద్దొస్తుంది గానీ, వీడియో రికార్డు చేసే ఎన్‌కోడర్ అందులో లేదు. ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ పెడదామనుకునే పిల్లలు ఆ సంగతి ఇంటికెళ్లాక తెలుసుకుంటారు.

ఇంతకీ కార్డు నిజంగా అవసరమా? "లాగ్ కొడుతోంది" అనగానే నేరం కార్డు మీద వేయడం అలవాటైపోయింది. తేల్చుకోవడం సులువే. ఆటలో రిజల్యూషన్‌ని 1080పీ నుంచి 720పీకి దించి చూడాలి. ఫ్రేములు గబుక్కున పెరిగితే కార్డు అలసిపోయినట్టు. ఎక్కడివక్కడే ఉంటే ప్రాసెసరే అందించలేకపోతోంది, ఏ కార్డు తెచ్చినా లాభం లేదు. ఐ5-6500 లాంటి నాలుగు కోర్ల, నాలుగు థ్రెడ్ల ప్రాసెసర్‌తో ఇది తరచూ జరుగుతుంది. మన హాస్టళ్లలో రాత్రుళ్లు మోగిపోయే వాలొరెంట్ విషయమే చూడండి. 144 ఫ్రేముల కోసం రయట్ కంపెనీ చెప్పిన కార్డు 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ. ఆ ఆటకి ఇరవై వేల కార్డు కొనడం చేజేతులా డబ్బు పారేసుకోవడమే. ఖమ్మం కుర్రాడికి కౌంటర్ అన్న ఇచ్చిన మొదటి సలహా కూడా కార్డు గురించి కాదు: "ముందుగాల ఇంకో 8 జీబీ ర్యామ్ ఎయ్ తమ్మీ. డ్యూయల్ ఛానల్ల నడవనీ, అప్పుడు సూద్దాం." 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు మండుతున్నాయి, నిజమే. అయినా పాత డీడీఆర్4 ముక్కలు సెకండ్స్‌లో దొరుకుతూనే ఉన్నాయి.

కొత్త ఆటల మీద మనసున్నవాడి లెక్క వేరు. 2024 డిసెంబరులో వచ్చిన 'ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్', 2025 మేలో వచ్చిన 'డూమ్: ద డార్క్ ఏజెస్' రెండూ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేనిదే నడవవు. సెట్టింగులు తగ్గించుకుంటే చాలు అనే పాత ధీమా అక్కడ పనిచేయదు. జీటీఎక్స్ 1660 సూపర్‌కి వాటి విషయంలో తలుపులు మూసుకున్నట్టే. 6600కి, 3050కి ఆ హార్డ్‌వేర్ ఉంది, అరకొరగానైనా.

ఇంటెల్ ఆర్క్ బీ580 పేరు కూడా ఈమధ్య జోరుగా వినబడుతోంది. 12 జీబీ, 249 డాలర్ల విడుదల ధర, వినడానికి బ్రహ్మాండం. అయితే బయోస్‌లో రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేకపోతే దాని వేగం ఘోరంగా పడిపోతుంది. పాత, బలహీనమైన ప్రాసెసర్ల పక్కన ఇంకా వెనకబడుతుందని విడుదలైన కొద్ది వారాలకే పరీక్షల్లో తేలింది. మదర్‌బోర్డు, ప్రాసెసర్ రెండూ కొత్తవి ఉన్నవాళ్లే దాని జోలికి వెళ్లాలి.

ఇక మిగిలింది సెకండ్స్ బజారు. ఢిల్లీ నెహ్రూ ప్లేస్ అయినా, చెన్నై రిచీ స్ట్రీట్ అయినా, మన సీటీసీ అయినా అక్కడి మాటలన్నీ ఒకేలా ఉంటాయి: "మైనింగ్‌ది కాదు, ఇంట్లో వాడిందే." 2022 సెప్టెంబరు 15న ఎథీరియమ్ అనే క్రిప్టోకరెన్సీ తన పద్ధతి మార్చుకుని కార్డులతో మైనింగ్‌కి మంగళం పాడేసింది. రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు ప్రపంచమంతటా కుప్పలుగా బజారున పడ్డాయి. మైనింగ్ కార్డంటేనే దగ్గరికి రానీయనివాళ్లున్నారు, అంత భయం అక్కర్లేదు. చిప్పు ఒకే వేడిలో నిలకడగా నడిచి ఉంటుంది. అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి మెమరీ మీది థర్మల్ ప్యాడ్లు. ఆర్‌ఎక్స్ 580 లాంటివాటిలో మైనింగ్ కోసం బయోస్ మార్చేసి ఉండొచ్చు, అది ఆటల్లో తికమక పెడుతుంది. చాలా మోడళ్లలో కార్డు అంచున చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని రెండో వైపుకి నెడితే రెండో బయోస్ మీద లేస్తుంది. ఎరిగినవాళ్లు కార్డు చేతికి రాగానే చూసేది ఆ మీటనే.

దుకాణంలోనే గుచ్చి చూపించమనడానికి మొహమాటపడకూడదు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే కోర్లు, మెమరీ రకం, బస్సు వెడల్పు అన్నీ బయటపడతాయి. పాత ఫెర్మీ కాలపు చిప్పుకి 1050 టీఐ అని పేరు మార్చి అంటగట్టే మోసాలు పెరిగాక, నకిలీ కార్డుని పసిగట్టి పేరు ముందే ఫేక్ అని చూపించే ఏర్పాటు 2018లో అందులోకి వచ్చింది. ఆ తర్వాత ఫర్‌మార్క్ అనే టెస్టు పెట్టి పది నిమిషాలు కార్డుని వేడెక్కనివ్వాలి. తెర మీద రంగు చుక్కలు రాలినా, ఫ్యాను గరగరలాడినా అక్కడితో దండం పెట్టేయాలి. వారం రోజుల టెస్టింగ్ వారంటీ ఇస్తామంటారు. దాన్ని కాగితం మీద, కార్డు సీరియల్ నంబరుతో సహా రాయించుకోవాలి.

సెకండ్స్‌లో అన్నిటికన్నా తేలిగ్గా దొరికేవి ఎన్విడియా పాస్కల్ తరం కార్డులు, 1050 టీఐ, 1060 లాంటివి. వాటికి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. ఇకమీద వచ్చేవి భద్రతకి సంబంధించిన సవరణలే, అవీ 2028 అక్టోబరు దాకా. జీటీఏ 5, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడుకుంటూ కాలక్షేపం చేసేవాడికి 1060 ఇప్పటికీ పనికొస్తుంది. 3 జీబీది కాకుండా 6 జీబీదే అడగాలి, ఎందుకంటే ఆ రెంటికీ తేడా మెమరీతో ఆగదు, 3 జీబీ దాంట్లో కోర్లు కూడా కోసేశారు. బేరం మొదలెట్టేముందు డ్రైవర్ల మాట ఎత్తితే అమ్మేవాడు రెండు మూడు వందలైనా తగ్గుతాడు.