ఆయిలుంది కదా!

బెల్లంపల్లిలో బొగ్గు బావులు చాలావరకు మూతపడి చాలాకాలమైంది. సింగరేణిలో బెల్లంపల్లి ఏరియా అన్న పేరు మాత్రం మిగిలింది. జీఎం ఆఫీసేమో గోలేటిలో, బొగ్గేమో కైరిగూడ ఓపెన్‌కాస్ట్ గనిలో! తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తే కాలం పోయి, ఇక్కడి పోరగాళ్ల నోట ఇప్పుడు డంపర్ల ముచ్చట్లే. వాటిలో నాకు తరచూ వినపడేదొకటుంది: "అన్నా, ప్రెషర్ ముల్లు కిందికొచ్చింది. స్టిక్ తీసి చూసిన, ఆయిల్ ఫుల్లుంది. గేజే ఖరాబైనట్టుంది."

ఈ ధీమాతోనే ఇంజన్లు పట్టేస్తాయి. స్టిక్ చెప్పేది అడుగున ఎంత ఆయిల్ ఉందన్నది మాత్రమే. క్రాంకు బేరింగులు అరిగి సందు పెరిగినా, పంపు జాలీకి మడ్డి పట్టినా ప్రెషర్ పడిపోతుంది గానీ స్టిక్ మీద గీత కదలదు. డీజిల్ కలిసి ఆయిల్ పలచబడితే గీత ఇంకా పైకి పోతుంది కూడా! చూసినవాడు సంతోషిస్తాడు.

పొద్దున స్టార్ట్ చేయగానే ముల్లు పైన నిలవడం గొప్పేం కాదు, చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది. మే నెల ఎండలో, 16 అడుగులకు అడుగు చొప్పున లేచే హాల్‌రోడ్డును లోడుతో ఎక్కి, డంపు దగ్గర ఐడిల్‌లో నిలిపినప్పుడు ఎక్కడుందో చూడాలి. రోజూ అదే వేడిలో, అదే స్పీడులో చూసి లాగ్‌బుక్‌లో రాయాలి. పోయిన నెల 2 కేజీల ప్రెషర్ ఉన్నది ఈ నెల ఒకటిన్నరకు దిగితే అదే కబురు. ఎర్ర లైటు వెలిగేదాకా ఆగేవాణ్ని నేను ఆపరేటర్ అనను.

మనవాళ్లు సరదాగా ఎక్కే పాపికొండల లాంచీలోనూ ఉండేది డీజిల్ ఇంజనే. డంపరైతే పక్కకు తీసి, ఆపి, టైర్ల కింద అడ్డు పెట్టొచ్చు. గోదావరి నడుమ ఇంజన్ ఆపితే ప్రవాహం లాక్కుపోతుంది, ఆపకుంటే బేరింగులు కాలిపోతాయి. అందుకే సరంగు ముల్లు జారడం మొదలైనప్పుడే ఒడ్డు పట్టాలి.

గేజి మీదే అనుమానమా? ముందు ఇంజన్ ఆపండి. సెన్సార్ విప్పి అక్కడే మెకానికల్ గేజి బిగించి, ఒక్క నిమిషం నడిపి చూడండి. అదీ తక్కువే చూపిస్తే మళ్లీ స్టిక్ తీయకండి, ఆయిల్ పాన్ విప్పండి.