గుట్టను కాచిన బడి

కోల్‌కతాలోని వాట్‌గంజ్ రేవు పేట. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడ ఓడల పని పెట్టిన కల్నల్ హెన్రీ వాట్సన్ పేరే దీనికి నిలిచింది. ఇలాంటి ఇరుకు పేటలో పిల్లలకు చెట్టూ పిట్టా చూపించాలంటే హుగ్లీ దాటించి శిబ్‌పూర్ తోటకు తీసుకెళ్లడమే సులువు. 1787లో వేసిన తోట అది. అక్కడి మహామర్రికి 1925లో మొదటి మాను తీసేసినా, ఊడల మీదే పాకుతోంది. చూసి తీరాల్సిందే. కానీ ఏడాదికోసారి చూసొచ్చే తోట వేరు, గంట కొట్టగానే అడుగుపెట్టే ఆవరణ వేరు. గూటికి మొదటి పుల్ల తెచ్చిన పూటా, పిల్లలు ఎగిరిపోయిన పూటా కంటపడేది ఈ రెండోచోటే. అలాంటి చోటును పనితనంతో తయారుచేసుకున్న బడి మన మదనపల్లె దగ్గరే ఉంది, రిషివ్యాలీ.

జిడ్డు కృష్ణమూర్తి బడి అనగానే అందరికీ తత్వం గుర్తొస్తుంది. నన్ను ఆకట్టుకున్నది మట్టిపని. వాన తక్కువ సీమ, మేతకూ వంటచెరకుకూ పోయి బోడులైన గుట్టలు. మొక్క నాటి ఫొటో దిగడం ఎవరైనా చేస్తారు. వీళ్లు నీటి సంగతి పట్టించుకున్నారు. వాలుకు అడ్డంగా కట్టలు వేసి వాననీటి పరుగు తగ్గించారు, ఊటకుంటలో నిలబెట్టి భూమిలోకి ఇంకనిచ్చారు. మేకా గొడ్డలీ రాకుండా కాచారు. కాపలా ఉంటే మోడే చిగురిస్తుంది; పండు తిన్న పిట్ట రెట్టలో కొత్త విత్తనం తెచ్చి వేస్తుంది. కూలి అడగని పనివాళ్లు! 1991లో ఈ లోయ పక్షుల రక్షిత ప్రాంతమైంది. పక్షుల గురించీ, వాటి నెలవుల పునరుద్ధరణ గురించీ కలిపి ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ 1993లో పుస్తకమే వేశారు. పక్షిశాస్త్రాన్ని దూరవిద్యగా నేర్పే సంస్థ కూడా ఆ ఆవరణలోనే ఉంది.

అక్కడి పసుపుగొంతు పిగిలిపిట్ట దక్షిణ భారతంలో తప్ప లోకంలో మరెక్కడా లేదు. దానికి కావలసింది బండరాళ్లూ వాటి మధ్య పొదలూ. పచ్చదనం మోజులో రాతిగుట్టను చదును చేసి తోట వేసుంటే దానికి నిలువ నీడ ఉండేది కాదు. ఏది పెంచాలో తెలిసినవాళ్లు చాలామంది. ఏది ముట్టుకోకూడదో తెలియడమే అసలు నేర్పు.

వాట్‌గంజ్‌లో గుట్ట లేదు, కరువూ లేదు, నేలే లేదు. అయినా ఎండ తగిలే మూల ఒక కరివేపాకు కుండీ పెట్టొచ్చు. నల్ల సీతాకోకచిలుక ఒకటి, కామన్ మార్మన్ అంటారు, ఆ ఆకుల మీద గుడ్డు పెడుతుంది. గొంగళి చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉండి శత్రువు కన్ను కప్పుతుంది. పెద్దదై ఆకుపచ్చగా మారాక పుల్లతో కదిపితే తల వెనకనుంచి ఎర్రటి జంట కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతుంది. ఏ పాఠంలో చెప్పినా ఆ వాసన రాదు. మందు మాత్రం కొట్టకూడదు, ఆకులు చిల్లులు పడ్డాయని తోటమాలిని తిట్టకూడదు. వేసవి సెలవుల్లో నీళ్లు పోసేదెవరో మార్చిలోనే తేల్చుకోవాలి.