జోహరాపురం బాకీ

రాయలసీమ వీరుడంటే మన కలాలన్నీ కోయిలకుంట్ల వైపు తిరుగుతాయి. తిరగాల్సిందే. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని అక్కడ ఉరితీసి, తలను 1877 దాకా వేలాడదీసింది తెల్లదొరతనం. జనం ఆయన్ని పాటల్లో దాచుకున్నారు. 2019లో సినిమా కూడా వచ్చింది. మాకు సంతోషమే. మా పేచీ ఆయనతో కాదు, వీరత్వాన్ని తూచే తరాజుతో.

అంతకు ఏడేళ్ల ముందు, 1839 అక్టోబర్ 18న, కర్నూలు పక్కనున్న జోహరాపురంలో ఓ యుద్ధం జరిగింది. కోట అప్పటికే కంపెనీ చేతికి పోయింది. నవాబు గులాం రసూల్ ఖాన్ లొంగిపోవడానికి సిద్ధపడ్డాడు. ఆయన సిపాయిలు, రోహిల్లాలూ అరబ్బులూ పఠాన్లూ, బాకీ జీతాలు తేల్చందే నవాబును అప్పగించం అన్నారని కంపెనీ వైపు కథనం. ఫౌజు మీద పడితే తిరగబడ్డారు. ఎందరో అక్కడే నేలకొరిగారు. నవాబు బందీగా తిరుచినాపల్లికి పోయి 1840లో హత్యకు గురయ్యాడు. కర్నూలు కంపెనీదైంది.

ఈ సిపాయిలకు మన చరిత్రలో దొరికిన పేరేమిటి? కిరాయి సైనికులు. పరదేశీలు. జీతం అడిగారు కాబట్టి వాళ్ల చావు చావే గాని త్యాగం కాదట! మరి నరసింహారెడ్డి పోరాటం ఎక్కడ రాజుకుంది? పింఛను దగ్గర, ఇనాం భూముల దగ్గర కాదా? దాన్ని ఎవరూ కిరాయి అనరు. అనకూడదు. కడుపు మీద కొట్టిన చోటే తిరుగుబాటు పుడుతుంది. ఆ న్యాయం సాయిబు సిపాయికి ఎందుకు వర్తించదు? ఎదుటి వరసలో కంపెనీ తరఫున నిలబడ్డ దేశీ సిపాయి కూడా జీతానికే గదా నిలబడింది?

మనవాళ్ల తప్పూ ఉంది. వాళ్లు కిరాయి అంటే మనం షహీద్ అంటాం. నవాబుకు స్వాతంత్ర్య యోధుడి కిరీటం పెడతాం. ఆయన ఏలుబడిలో రైతు పడ్డ పాట్లు మరిచిపోతాం. చివరికి నవాబు పేరు మిగులుతుంది, సిపాయి పేరు మిగలదు.

మన దేశభక్తిని ఎవరు ప్రశ్నించినా 1965 యుద్ధంలో ప్రాణమిచ్చిన హవల్దార్ అబ్దుల్ హమీద్‌ను చూపిస్తాం. ఆయన వీరుడు, అందులో అనుమానం లేదు. కానీ చచ్చి చూపిస్తేనే ఈ మట్టి మనదవుతుందా? జోహరాపురం సిపాయికి పతకమూ వద్దు, సర్టిఫికెట్టూ వద్దు. చాకిరీ చేసి, కూలి అడిగి, తలవంచకుండా చచ్చిపోయిన మనిషిగా పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం చాలు. ఆ బాకీ ఇంకా తీరలేదు.